పాతికేళ్ల సాధన... ఇరవై నెలల ఆట!

ఆగస్టు 29, 2007. జపాన్‌లోని ఒసాకా నగరం. ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్స్‌లో పురుషుల హైజంప్ ఫైనల్ జరుగుతోంది. బార్‌ను 2.35 మీటర్ల దగ్గర పెట్టారు. అంటే ఏడడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. మన ఇళ్లలో గుమ్మం సాధారణంగా ఏడడుగులుంటుంది. ఆ గుమ్మం మీద ఇంకో జానెడు ఎత్తున కర్ర కట్టి, దానికి ఒళ్లు తగలకుండా అవతలికి దూకమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ రాత్రి అక్కడ జరుగుతున్నది అదే.

దూకేవాళ్లలో ఒకడు స్టెఫాన్ హోల్మ్. స్వీడన్ వాడు. వయసు 31. అప్పటికి మూడేళ్ల క్రితమే ఒలింపిక్స్ స్వర్ణం గెలిచాడు. ఇండోర్ పోటీల్లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఊహ తెలిసినప్పటి నుంచీ అతనికి తెలిసిన పని ఒక్కటే, బార్ మీంచి దూకడం.

ఇంకొకడు డొనాల్డ్ థామస్. అట్లాంటిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపదేశం బహామాస్ వాడు. వయసు 23. హైజంప్ మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. కచ్చితంగా లెక్కేస్తే ఇరవై నెలలు!

థామస్ 2.35 దాటాడు. రష్యాకు చెందిన యరోస్లావ్ రిబకోవ్, సైప్రస్‌కు చెందిన కిరియాకోస్ అయోన్నూ కూడా దాటారు. హోల్మ్ 2.33 దగ్గరే ఆగిపోయాడు. ముగ్గురిదీ ఒకటే ఎత్తు కాబట్టి ఎవరు ఎన్నిసార్లు తప్పారో లెక్క తీశారు. స్వర్ణం థామస్‌ది. హోల్మ్‌ది నాలుగో స్థానం.

నిన్నగాక మొన్న ఓనమాలు దిద్దినవాడు ప్రపంచ ఛాంపియన్. పాతికేళ్లకు పైగా అదే పని చేస్తున్నవాడి మెడలో ఏమీ లేదు. ఆ రాత్రి హోల్మ్‌కు నిద్రపట్టి ఉంటుందా?

ఆ ప్రశ్న ఎందుకంత బరువైనదో తెలియాలంటే అతని కథ మొదటి నుంచీ తెలుసుకోవాలి.

* * *

హోల్మ్ పుట్టింది 1976 మే 25న, స్వీడన్‌లోని ఫోర్ష్‌హాగా అనే చిన్న ఊళ్లో. వేర్మ్‌లాండ్ ప్రాంతమది. అడవులు, సరస్సులు, నెలల తరబడి మంచు. తండ్రి జానీ ఒకప్పుడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్. చిన్నపాటి లీగుల్లో ఆడేవాడు.

1980లో మాస్కో ఒలింపిక్స్ వచ్చాయి. నాలుగేళ్ల స్టెఫాన్ టీవీలో హైజంప్ చూశాడు. ఆ పోటీలో గెలిచింది తూర్పు జర్మనీకి చెందిన గెర్డ్ వెసిగ్. అతని వృత్తి వంట! వంటవాడిగా శిక్షణ పొందిన ఆ కుర్రాడు 2.36 మీటర్లు దూకి స్వర్ణంతో పాటు ప్రపంచ రికార్డు కూడా పట్టుకుపోయాడు. ఈ 2.36 అంకెను కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

టీవీ కట్టేశాక పిల్లలేం చేస్తారు? చూసింది చేస్తారు. స్టెఫాన్, పక్కింటి కుర్రాడు కలిసి ఇంట్లో సోఫా మీంచి దూకడం మొదలుపెట్టారు. ఆ వయసులో అందరు పిల్లలూ చేసేదే. కాకపోతే మిగతా పిల్లలు వారం తిరిగేసరికి ఇంకో ఆట వెతుక్కుంటారు. స్టెఫాన్ వెతుక్కోలేదు. వాడి గోల పడలేక తండ్రి ఇంటి వెనక పాత పరుపు, దిండ్లు పోగేసి, దూకితే దెబ్బ తగలకుండా ఓ ఏర్పాటు చేశాడు. అదే స్టెఫాన్ మొదటి స్టేడియం. ఆ తండ్రే మొదటి కోచ్. చివరి కోచ్ కూడా ఆయనే! ఒలింపిక్స్ స్వర్ణం గెలిచినప్పుడూ, ఆట మానేసినప్పుడూ స్టెఫాన్ పక్కనున్నది జానీయే.

హోల్మ్‌కు పదకొండేళ్లప్పుడు, 1987 జూన్ 30న, స్టాక్‌హోమ్‌లో పాట్రిక్ షోబెర్గ్ అనే స్వీడన్ వీరుడు 2.42 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు సృష్టించాడు. అంతే, దేశంలో ఏ పిల్లాడిని కదిపినా షోబెర్గ్ పేరే. మన పిల్లలకు సచిన్ ఎలాగో అలాగన్నమాట. హోల్మ్‌కు కూడా షోబెర్గే దేవుడు. కానీ దేవుడికీ భక్తుడికీ ఒక పెద్ద తేడా ఉంది. షోబెర్గ్ ఎత్తు రెండు మీటర్లు. ఆరడుగుల ఏడంగుళాలు!

హోల్మ్ ఎంత ఎదిగినా 1.81 మీటర్ల దగ్గర ఆగిపోయాడు. ఐదడుగుల పదకొండంగుళాల పైచిలుకు. మామూలు మనుషుల్లో పొడుగే. హైజంపర్లలో మాత్రం పొట్టివాడి కింద లెక్క.

* * *

పొట్టిగా ఉంటే వచ్చే నష్టమేమిటి? ఇక్కడ కాస్త లెక్క ఉంది. విసుక్కోకండి, తేలికైనదే.

మన శరీరం బరువంతా ఒక బిందువు దగ్గర ఉందనుకుంటే, అది నిలబడ్డప్పుడు ఇంచుమించు బొడ్డు దగ్గర ఉంటుంది. హైజంప్ అంటే ఆ బిందువును పైకి లేపడమే. పొడుగు మనిషికి అది మొదలే ఎత్తులో ఉంటుంది. రెండు మీటర్ల షోబెర్గ్‌తో పోలిస్తే హోల్మ్ దాదాపు పది సెంటీమీటర్లు కిందనుంచి మొదలుపెట్టాలి. అవతలివాడు స్టూలెక్కి మామిడికాయ కోస్తుంటే ఇతను నేల మీంచి ఎగరాలన్నమాట.

ఇక దూకే పద్ధతి. పూర్వం కాళ్లు కత్తెరలా ఆడిస్తూనో, బార్ మీద బోర్లా దొర్లుతూనో దూకేవారు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన డిక్ ఫాస్‌బరీ అనే విద్యార్థి ఆ పద్ధతులు తనకు కుదరక, వీపు బార్ వైపు తిప్పి, తల ముందుగా వెల్లకిలా దూకడం మొదలుపెట్టాడు. చూసినవాళ్లు నవ్వారు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో అతనే 2.24 మీటర్లు దూకి స్వర్ణం గెలిచాక నవ్వడం మానేసి నేర్చుకోవడం మొదలుపెట్టారు. వెల్లకిలా విల్లులా వంగితే తల, నడుము, కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి బార్ దాటతాయి. చక్కగా వంగినవాడి బరువు బిందువు బార్ కిందుగా పోతే, మనిషి మాత్రం బార్ పైనుంచి పోతాడు. వింతే కానీ నిజం. ఇసుకగుంటలు పోయి మెత్తటి ఫోమ్ పరుపులు వచ్చాయి కాబట్టి ఈ పద్ధతి బతికింది. లేకపోతే మెడలు విరిగేవి.

పొడుగు లేనివాడు ఆ లోటు ఎక్కడ పూడ్చుకోవాలి? వేగంలో. హోల్మ్ రన్నప్ చూసినవాళ్లకు అది హైజంప్‌లా ఉండేది కాదు, పరుగుపందెంలా ఉండేది. ఆ వేగంతో వచ్చి, వంపు తిరిగి, ఎడమకాలు నేల మీద నాటి పైకి లేవాలి. ఆ కాలు నేలను తాకి ఉండేది సెకనులో ఐదోవంతు కూడా ఉండదు. ముందుకు పోతున్న వేగమంతా ఆ రెప్పపాటులో పైకి మళ్లాలి. అడుగు రెండంగుళాలు అటూ ఇటూ అయితే బార్ మీద పడతాడు. ఇది ఒకరోజులో వచ్చే విద్య కాదు. టీనేజీలో ఫుట్‌బాల్ వదిలేశాక హోల్మ్ రోజులన్నీ కార్ల్‌స్టాడ్ పట్టణంలోని ఇండోర్ హాల్లోనే గడిచాయి. దూకడం, పడటం, లేచి అడుగులు కొలుచుకోవడం, మళ్లీ దూకడం. హర్డిల్స్ వరసగా పెట్టుకుని, ఆగకుండా ఒకదాని మీంచి ఒకటి గెంతడం. బయట మంచు కురుస్తుంటే లోపల ఇదే పని. ఇండోర్ పోటీల్లో అతను అంతగా వెలిగింది అందుకేనేమో!

1998 నుంచి స్వీడన్ జాతీయ ఛాంపియన్ అతనే. 2008 వరకు వరసగా పదకొండేళ్లు ఇంకెవరికీ వదల్లేదు.

* * *

ఇంట గెలిచాడు సరే. మరి రచ్చ?

2000లో సిడ్నీ ఒలింపిక్స్. హోల్మ్ 2.32 దూకాడు. అప్పటికే 2.45తో ప్రపంచ రికార్డు తన పేరిట ఉన్న క్యూబా దిగ్గజం జేవియర్ సోటోమేయర్ కూడా అక్కడ దూకింది 2.32 మాత్రమే. అల్జీరియాకు చెందిన హమ్మద్ కూడా అంతే. అయితే రజతం సోటోమేయర్‌ది, కాంస్యం హమ్మద్‌ది. హోల్మ్ నాలుగోవాడు.

అదేమిటంటే, హైజంప్ నిబంధన అలాంటిది. ప్రతి ఎత్తుకూ మూడు ఛాన్సులు. వరసగా మూడుసార్లు తప్పితే ఇంటికే. ఇద్దరు ఒకే ఎత్తు దగ్గర ఆగిపోతే, ఎవరు తక్కువసార్లు బార్ పడేశారో వాళ్లు ముందు. పతకానికీ ఉత్తచేతులకూ మధ్య తేడా ఒక్కోసారి గంట క్రితం కాలి మడమ తగిలి పడిపోయిన ఒక్క బార్ అయ్యుంటుంది.

ఇంకో మాట. పరుగుపందెంలో గెలిచినవాడు గీత దాటి చేతులెత్తుతాడు. హైజంప్‌లో గెలిచినవాడికి కూడా పోటీ ఆగదు. బార్ ఇంకా పైకి లేపుతారు. అతను దూకుతాడు, మామూలుగా మూడుసార్లూ పడేస్తాడు. స్వర్ణం గెలిచినవాడు కూడా చాలాసార్లు తప్పుతోనే మైదానం వదిలే ఆట ఇదొక్కటేనేమో. పోల్‌వాల్ట్ ఒకటి ఉందనుకోండి, అది దీని అన్న.

2003లో పారిస్. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్. స్వర్ణం గెలిచిన దక్షిణాఫ్రికా కుర్రాడు జాక్ ఫ్రైటాగ్ ఎత్తు 2.04 మీటర్లు. అతను 2.35 దూకితే హోల్మ్ 2.32 దూకి రజతం తీసుకున్నాడు. విజయ వేదిక మీద పక్కపక్కన నిలబడితే, హోల్మ్ తల అతని భుజం దగ్గరికొస్తుంది. ఫ్రైటాగ్ తన తల కన్నా 31 సెంటీమీటర్లు పైకి దూకాడు. హోల్మ్ తన తల కన్నా 51 సెంటీమీటర్లు! కానీ పతకాలిచ్చేవాళ్లు నేల నుంచి కొలుస్తారు, నెత్తి నుంచి కాదు.

2004 ఆగస్టు 22. ఏథెన్స్ ఒలింపిక్స్. స్వీడన్‌కు అది పండగ సీజన్. ముందురోజే కరోలినా క్లుఫ్ట్ హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచింది. ఆరోజు క్రిస్టియన్ ఓల్సన్ ట్రిపుల్‌జంప్‌లో స్వర్ణం కొట్టాడు. ఇక హైజంప్. అమెరికాకు చెందిన మ్యాట్ హెమింగ్‌వే, చెక్ కుర్రాడు యరోస్లావ్ బాబా 2.34 దగ్గర ఆగిపోయారు. హోల్మ్ ఒక్కడే ఆపై ఎత్తు దాటాడు. ఎంతో తెలుసా? 2.36! నాలుగేళ్ల వయసులో టీవీలో ఒక వంటవాడు దాటగా చూసిన ఎత్తు. ఇరవై నాలుగేళ్ల తర్వాత అదే ఎత్తు, అదే రంగు పతకం.

ఆ మరుసటి ఏడు, 2005 మార్చి 6న మాడ్రిడ్‌లో యూరప్ ఇండోర్ ఛాంపియన్‌షిప్స్‌లో హోల్మ్ 2.40 మీటర్లు దాటాడు. ఏడడుగుల పదిన్నర అంగుళాలు. తన తల కన్నా 59 సెంటీమీటర్లు ఎత్తు. అంటే దాదాపు రెండడుగులు! హైజంప్ చరిత్రలో అంతకుముందు ఒక్కడే తన తల కన్నా అంత పైకి దూకాడు. 1978లో న్యూయార్క్‌లో ఫ్రాంక్లిన్ జేకబ్స్ అనే అమెరికన్. అతని ఎత్తు 1.73 మీటర్లు, దూకింది 2.32.

పొట్టివాడని పెదవి విరిచినవాళ్లకు అంతకన్నా సమాధానం ఏం కావాలి? కథ ఇక్కడితో ముగిస్తే పిల్లలకు చెప్పుకోడానికి ఎంతో బాగుండేది. కష్టపడ్డాడు, సాధించాడు, శుభం. కానీ రెండున్నరేళ్ల తర్వాత ఒసాకా వచ్చింది.

* * *

డొనాల్డ్ థామస్ బహామాస్‌లోని ఫ్రీపోర్ట్‌లో 1984లో పుట్టాడు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని లిండెన్‌వుడ్ విశ్వవిద్యాలయంలో చదివేవాడు. ఆట బాస్కెట్‌బాల్. ఎగిరి బంతిని బుట్టలో కుక్కడమంటే మహా సరదా.

2006 జనవరి. భోజనాల హాల్లో తన ఎగురుడు గురించి గొప్పలు చెబుతుంటే, కాలేజీ హైజంప్ జట్టులో ఉన్న మిత్రుడికి ఒళ్లు మండింది. 'నువ్వు ఆరడుగుల ఆరంగుళాలు కూడా దాటలేవు' అన్నాడు. పందెం! ఇద్దరూ జిమ్‌కు పోయారు. థామస్ మామూలు బూట్లతోనే ఆరడుగుల ఆరంగుళాలు దాటేశాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు పెట్టారు. దాటాడు. ఏడడుగులు పెట్టారు. వెల్లకిలా ఎలా వంగాలో కూడా సరిగ్గా తెలియకుండానే అదీ దాటాడు!

పందెం కాసిన మిత్రుడు నేరుగా కోచ్ దగ్గరికి లాక్కుపోయాడు. రెండ్రోజుల తర్వాత ఒక పోటీ ఉంటే అందులో దింపారు. జీవితంలో మొదటి పోటీలో థామస్ దూకింది 2.22 మీటర్లు! రెండు నెలలు తిరక్కుండా మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో బహామాస్ తరఫున దూకి నాలుగో స్థానం సంపాదించాడు. తర్వాత ఆబర్న్ విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడి కోచ్ జెర్రీ క్లేటన్ తక్కువవాడేం కాదు. 1996 ఒలింపిక్ విజేత చార్లెస్ ఆస్టిన్‌ను తీర్చిదిద్దింది ఆయనే. అలా కొన్ని నెలలు దిద్దించుకుని ఒసాకాలో దిగాడు.

తలపండిన కోచ్‌లు అతని దూకుడు చూసి ముక్కున వేలేసుకున్నారు. గాలిలో ఉండగా వీపు సరిగ్గా వంగదు. కాళ్లు ఎటు పెట్టాలో తెలియనట్టు కదుపుతాడు. పుస్తకం ప్రకారం అయితే సగం మార్కులు కూడా రావు. అయినా బార్ మీద మాత్రం ఉన్నాడు! పై సంగతి బార్‌కు అక్కర్లేదు. ఎలా దాటావని అది అడగదు.

హోల్మ్ సంగతి చూడండి. ప్రతి అడుగూ కొలిచి, ప్రతి వంపూ వేలసార్లు దిద్దుకున్నవాడు. ఓడిపోవడం అతనికి కొత్త కాదు. కానీ ఫ్రైటాగ్ చేతిలో ఓడితే, వాడు పొడుగని సర్దిచెప్పుకోవచ్చు. సోటోమేయర్ చేతిలో ఓడితే, ఆయన మహానుభావుడని దండం పెట్టొచ్చు. మొన్నటిదాకా ఈ ఆట వైపు కన్నెత్తి చూడనివాడి చేతిలో ఓడితే ఏమని సర్దిచెప్పుకోవాలి? తన బాల్యం, యవ్వనం, నాన్న ఇరవై ఏళ్ల శ్రమ... వీటన్నిటికీ ధర ఎంత అనే ప్రశ్న కదా అది!

* * *

శాస్త్రవేత్తలు కూడా ఈ ఇద్దరినీ వదల్లేదు. అమెరికా రచయిత డేవిడ్ ఎప్‌స్టీన్ 2013లో రాసిన 'ద స్పోర్ట్స్ జీన్' అనే పుస్తకంలో వీళ్లను పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. మడమ వెనక పట్టుకుంటే గట్టిగా తాడులా తగులుతుందే, దాన్ని అకిలిస్ టెండన్ అంటారు. ఎగిరేవాడికి అదే స్ప్రింగు. దూకేముందు సాగి, వెంటనే ముడుచుకుని మనిషిని పైకి విసురుతుంది. జపాన్ పరిశోధకులు పరీక్షిస్తే, థామస్ ఎత్తున్న మనిషికి ఉండాల్సిన దానికన్నా అతని టెండన్ బాగా పొడుగని తేలింది. పదింపావు అంగుళాలట! పుట్టుకతో వచ్చిన స్ప్రింగు.

మరి హోల్మ్‌ది? అతని ఎడమకాలి టెండన్ మామూలు మనిషి దానికన్నా నాలుగు రెట్లు బిగువుగా ఉందని అదే పుస్తకం చెబుతుంది. ఒక్క సెంటీమీటరు సాగాలంటే 1.8 టన్నుల బలం కావాలట. ఏళ్ల తరబడి ఆ ఒక్క కాలి మీద దూకీ దూకీ తయారైన స్ప్రింగు అది. ఒకడికి దేవుడిచ్చాడు, ఒకడు చేసుకున్నాడు.

ఈ కథ విని చాలామంది చప్పున ఒక తీర్పు చెప్పేస్తుంటారు. 'చూశారా, పుట్టుకతో రావాలండీ, ఎంత రుద్దితే ఏం లాభం' అని. ఆ తీర్పు తొందరపాటు. నిజానికి హోల్మ్‌కు కూడా పుట్టుకతో ఏదో వచ్చే ఉంటుంది. ఆ రోజు సోఫా మీంచి దూకింది ఇద్దరు పిల్లలు కదా! పక్కింటి కుర్రాడు ఒలింపిక్స్‌కు రాలేదు. ఎవరిలో ఏ స్ప్రింగు ఉందో కొలిచే పరికరం ఆ ఇంట్లో లేదు. నాన్నకు కనిపించింది ఒక్కటే: పిల్లాడు ఎంత చెప్పినా దూకడం మానడంలేదు.

పోనీ, ఎదురు తీర్పు చెబుదామా? సాధనే గెలుస్తుందని? ఒసాకా రాత్రి అలా జరగలేదుగా!

ఆ తర్వాత ఏం జరిగిందో మాత్రం చెప్పుకోవచ్చు. 31 ఏళ్ల వయసులో అలాంటి దెబ్బ తిన్నవాడు బూట్లు గోడకు తగిలిస్తే ఎవరూ తప్పుపట్టరు. స్వర్ణం ఉంది, పేరుంది. హోల్మ్ తిరిగి కార్ల్‌స్టాడ్ వెళ్లి, మళ్లీ అదే హాల్లో, అదే నాన్న ముందు, అవే అడుగులు కొలుచుకున్నాడు. 2008 మార్చిలో వలెన్సియాలో ప్రపంచ ఇండోర్ ఛాంపియన్‌షిప్స్. 2.36 దూకి నాలుగోసారి ఆ స్వర్ణం గెలిచాడు. ఆ జులైలో మళ్లీ ఏథెన్స్‌కు వెళ్లి ఆరుబయట 2.37 మీటర్లు దాటాడు. బయటి పోటీల్లో అతని జీవితకాల అత్యుత్తమం అదే. ఒలింపిక్స్ గెలిచినప్పుడు కూడా అంత దూకలేదు. 32 ఏళ్ల వయసులో, ఒసాకా తర్వాత పదకొండు నెలలకు!

ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. ప్రపంచ ఛాంపియన్ థామస్ క్వాలిఫయింగ్‌లోనే వెనుదిరిగాడు. ఫైనల్‌కే రాలేదు. హోల్మ్ ఫైనల్‌కొచ్చాడు కానీ 2.32 దగ్గర ఆగిపోయాడు. 2.36తో స్వర్ణం రష్యాకు చెందిన ఆండ్రీ సిల్నోవ్‌ది. ఆ తర్వాతి రెండు పతకాలు 2.34 దూకిన ఇద్దరికి వెళ్లాయి. హోల్మ్ మళ్లీ నాలుగోవాడు. ఎనిమిదేళ్ల క్రితం సిడ్నీలో ఎక్కడ మొదలయ్యాడో అక్కడికే, అదే ఎత్తు, అదే స్థానం. ఆ సీజన్ చివర్లో ఆటకు సెలవు చెప్పాడు.

* * *

ఆట మానేసిన హోల్మ్ ఏం చేశాడు? ఖాళీగా మాత్రం కూర్చోలేదు. అతనికి లెగో పిచ్చి ఉంది. పిల్లలు చిన్నచిన్న ప్లాస్టిక్ ఇటుకలు పేర్చి బొమ్మలు కడతారే, ఆ లెగో. ఒలింపిక్ విజేత ఇల్లంతా ఆ పెట్టెలే! ఒక్కో ముక్కా ఓపిగ్గా పేర్చే పని అతనికి నచ్చిందంటే ఆశ్చర్యమేముంది? టీవీ క్విజ్ కార్యక్రమాల్లో కూడా కనిపించి స్వీడన్ ప్రేక్షకులను మెప్పించాడు. 2013లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో సభ్యుడయ్యాడు. అతని కొడుకు మెల్విన్ కూడా హైజంపరే అయ్యాడు. ఆ ఇంట్లో మూడో తరం బార్ దగ్గరికొచ్చిందన్నమాట.

థామస్‌ను కూడా తక్కువ చేసి చూడనక్కర్లేదు. గాలివాటున గెలిచాడని అన్నవాళ్లకు అతనే సమాధానం చెప్పాడు. 2010లో మన ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరిగినప్పుడు, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2.32 దూకి స్వర్ణం గెలిచింది అతనే. ఆ రోజుల్లో టీవీ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటాడు. మరుసటి ఏడు పాన్ అమెరికన్ క్రీడల్లోనూ స్వర్ణం. ఒలింపిక్ పతకం మాత్రం అతనికి దక్కలేదు. కుర్రతనంలో సరదాగా వచ్చినవాడు ముప్ఫై దాటాక కూడా వదలకుండా దూకుతూనే ఉన్నాడు. పందెంగా మొదలైనది ఎప్పుడో జీవితమైపోయింది. అప్పుడతనికీ తెలిసొచ్చింది. మొదటి రోజే 2.22, ఇరవై నెలల్లో 2.35 వచ్చినవాడికి, ఆపైన ఇంకో రెండంటే రెండు సెంటీమీటర్లు కలపడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2016 జులైలో హంగేరీలో ఆ ఎత్తు దాటాడు.

అదెంతంటే, 2.37. ఏథెన్స్‌లో ఆ జులై రోజున హోల్మ్ దాటిన ఎత్తే.